కడుపు చప్పుడు

డబ్బింగ్ థియేటర్‌లో మైకుకు మొహమాటం తెలియదు. గాజుల గలగల, చీర రెపరెప, ముక్కు ఎగబీల్చడం, అన్నీ వినేస్తుంది. అన్నిటికంటే ముందు కడుపు చప్పుడు వింటుంది. అందుకే ఫిల్మ్ నగర్‌లో గొంతు అరువిచ్చి బతికేవాళ్లు ఎవరూ ఖాళీ కడుపుతో మైకు ముందు నిలబడరు. రెండు ఇడ్లీలు తిని వస్తారు, లేదంటే సంచిలో అరటిపండు పడేసుకొస్తారు. అయినా ఒక్కోసారి కడుపు గుర్రుమంటుంది కనుక సోఫా మీద ఒక చిన్న దిండు పెట్టి ఉంచుతారు. దాన్ని పొట్టకు అదుముకుని డైలాగ్ చెబితే చప్పుడు బయటికి రాదు. ఇదంతా అక్కడ మామూలే.

జెరూష ఒకప్పుడు నెలల తరబడి ఆ దిండు వదలకుండా పని చేసింది. చూసినవాళ్లు పాపం లావుపాటి మనిషి, సిగ్గుపడి పొట్ట దాచుకుంటోంది అనుకున్నారు. అనుకునేవాళ్లకు అడ్డేముంది, ఏమైనా అనుకుంటారు. నిజానికి ఆమె దాచుకుంటున్నది ఆకలి.

నిడదవోలు నుంచి తల్లి మేరీని వెంటబెట్టుకుని వచ్చి మధురానగర్‌లో ఇల్లు తీసుకున్న జెరూషది పుట్టుకతోనే భారీ శరీరం. తండ్రి అంతే, మేనత్తలందరూ అంతే. ముప్పై ఐదేళ్ల మనిషికి గొంతు మాత్రం పదహారేళ్ల పిల్లది. హీరోయిన్ నిహారిక సంగతి సరిగ్గా తిరగేసి. ఆ అమ్మాయి తీగలా ఉంటుంది, గొంతు బొంగురు. అచ్చ తెలుగు పిల్లే అయినా ఆమె సినిమాలన్నిటికీ జెరూషే డబ్బింగ్ చెబుతుంది. ఒకరి రూపం, ఒకరి గొంతు. జనం ఆ ఇద్దర్నీ కలిపి ఒక్క మనిషిగా ప్రేమించారు.

అప్పట్లో ఒక సినిమా విజయోత్సవంలో యాంకర్ జెరూషను స్టేజి మీదికి పిలిచాడు. ఆమె మెట్లెక్కి వస్తుంటే, "ఈవిడ ఒక్కరిలో ఇద్దరు నిహారికలు పడతారండీ" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. జెరూష కూడా నవ్వింది. నవ్వకపోతే బాగోదు కదా. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ఆ మాట తన గొంతుతో తనే చెప్పుకుని చూసింది. అప్పుడు నవ్వు రాలేదు.

ఆ తర్వాతి వారమే ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమదినాలు మొదలయ్యాయి. చర్చి సంఘంలో చాలామంది ఆ నలభై రోజులూ ఉపవాస ప్రార్థనల్లో ఉంటారు, జెరూషా ఉంది. ఈస్టర్ రోజు మేరీ కోడి పలావు వండి ముందు పెట్టింది. "ఇంకో ప్రార్థన తీర్మానం చేసుకున్నానమ్మా" అని జెరూష పళ్లెం పక్కకు జరిపింది. ఆ తీర్మానం అయిపోతే ఇంకోటి వచ్చింది. కూతురి భక్తికి మేరీ ఉప్పొంగిపోయి చర్చిలో స్త్రీల కూడికలో లేచి, అదంతా దేవుడి కృపేనని సాక్ష్యం కూడా చెప్పింది. అబద్ధం ప్రార్థన ముసుగేసుకుంటే దాన్ని ప్రశ్నించే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

మనిషి ఇంకా లావే అయినా మునుపటికి బాగా తగ్గింది. ఇక చూడండి, ఎక్కడికెళ్లినా సన్మానమే. "భలే తగ్గారండీ", "ఆ రహస్యమేంటో మాకూ చెప్పండి" అనడమే అందరూ. జుట్టు దువ్వెనకు ఊడి వస్తోంటే అడిగినవాడు లేడు. మండుటెండల్లో శాలువా కప్పుకుని కూర్చుంటే, నెలసరి నిలిచిపోతే, మెట్ల మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోతే ఎవరికీ పట్టలేదు. బక్కపల్చని పిల్ల అన్నం మానేస్తే అమ్మో అని ఆసుపత్రికి పరిగెడతాం. లావుపాటి మనిషి మానేస్తే శభాష్ అంటాం. లోపల గుండె ఇద్దరిదీ ఒకటేనని ఎవరికీ తట్టదు.

కళ్లు తిరుగుతున్నాయని జెరూష ఒకసారి ఆసుపత్రికి వెళ్లింది. నర్సు బీపీ పట్టీ చుట్టబోతే చేతికి చాలలేదు, టప్పుమని విడిపోయింది. నర్సు విసుక్కుంటూ దాన్ని చేత్తో అదిమి పట్టుకుని గాలి కొట్టింది. బీపీ ఎక్కువుందన్నారు. డాక్టరు తలెత్తకుండానే, "బరువు తగ్గాలమ్మా. రాత్రి భోజనం మానేసి చూడండి" అన్నాడు. రాత్రి భోజనం మానేసి అప్పటికే చాలా కాలమైందని జెరూష చెప్పలేదు. మానేసింది చాలలేదు కాబోలు అనుకుంది. ఇంటికొచ్చి పొద్దుటి టిఫిన్ కూడా మానేసింది.

కొన్నాళ్లకు కడుపు అరవడం ఆపేసింది. ఎంత పిలిచినా పలకనివాళ్లను ఎన్నాళ్లని పిలుస్తుంది? దిండు మళ్లీ సోఫా ఎక్కింది. "మేడం, ఇప్పుడు మస్తు క్లీన్‌గ ఒస్తున్నది" అని సౌండ్ ఇంజనీరు హనుమంతు సంబరపడ్డాడు. జెరూష దాన్ని గెలుపు అనుకుంది. ఆకలినే జయించిన మనిషికి ఇక లోకంలో జయించలేనిది ఏముంటుంది అని పొంగిపోయింది కూడా.

ఆ గెలుపు డైరెక్టర్ సిద్ధార్థ సినిమాతో కూలిపోయింది. అందులో ఒక సీను ఉంది. అలిగి ఇల్లు విడిచిపోయిన కూతురు తిరిగొస్తుంది. తల్లి మాట్లాడకుండా ఆవకాయ అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. నోటి నిండా అన్నంతో ఏడుస్తూ కూతురు, "ఇంకో ముద్ద పెట్టవా అమ్మా" అంటుంది. ఇలాంటి సీనుకు డబ్బింగ్ చెప్పేవాళ్లు బుగ్గన ఒక బ్రెడ్డు ముక్క పెట్టుకుంటారు, అప్పుడే మాట నిజంగా నోరు నిండినట్టు వస్తుంది. హనుమంతు ప్లేటులో బ్రెడ్డు పెట్టించాడు. అందరూ అద్దం గోడ అవతలి రికార్డింగ్ గదిలోకి వెళ్లాక జెరూష తన చేతిరుమాలు కొసను ఉండగా చుట్టి బుగ్గన పెట్టుకుంది.

ఆ రోజు నిహారిక కూడా వచ్చి అద్దం అవతల కూర్చుంది. తన సీను ఎలా వస్తోందో వినాలని వచ్చింది. తెర మీద ముద్ద నోట్లోకి వెళ్లింది. జెరూష కన్నీళ్లు మింగుతున్నట్టు ఊపిరి తీసి, "ఇంకో ముద్ద పెట్టవా అమ్మా" అంది. అని, మైకు స్టాండు పట్టుకోబోయి, అందక కింద పడిపోయింది.

కళ్లు తెరిచేసరికి చుట్టూ మనుషులు, ఎవరికి తోచింది వాళ్లు చెబుతున్నారు. "బీపీ అయ్యుంటది." "ఒళ్లు అంత ఉంటే ఇట్లనే అవుతది." హనుమంతు మాత్రం నీళ్ల బాటిల్ పట్టుకుని, "జర గాలి రానియ్యుండ్రి" అని అందర్నీ నెడుతున్నాడు. తివాచీ మీద తన పక్కన నిహారిక కూర్చుని ఉంది. ఆమె చేతిలో తడిసిన రుమాలు ఉంది. అది ఎక్కడి నుంచి తీసిందో జెరూషకు అర్థమై ముఖం తిప్పుకుంది.

నిహారిక అందర్నీ బయటికి పంపించింది. తలుపు పడ్డాక తన బొంగురు గొంతును ఇంకా తగ్గించి మాట్లాడింది.

"అక్కా, ఆ సీన్లో నేను ఒక్క ముద్ద కూడా మింగలేదు. కట్ అనగానే బకెట్ పట్టుకొచ్చేవాళ్లు, అందులో ఉమ్మేసేదాన్ని. ఇప్పుడు చూస్తే మీరూ తినలేదు. బ్రెడ్డు ప్లేటులో అలాగే ఉంది. ఎన్నాళ్ల నుంచి తినట్లేదు?"

"ఉపవాసమమ్మా."

"నేను కూడా సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు అన్నీ చేశాను. మా అమ్మ కనిపెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, అది జబ్బన్నారు."

జెరూష లేచి కూర్చోవడానికి ప్రయత్నించింది. "అలాంటి జబ్బు నాకెందుకు వస్తుందమ్మా? నన్ను చూడు."

"చూస్తున్నాను" అంది నిహారిక. "నన్నైతే ఎముకలు కనబడుతున్నాయని ఒక్క చూపులో నమ్మారు. మిమ్మల్ని నమ్మే డాక్టరు ఒకావిడ ఉన్నారు. రేపే వెళదాం."

ఆ క్లినిక్ శ్రీనగర్ కాలనీలో ఒక మేడ మీద ఉంది. నిహారికకు షూటింగ్ ఉండి రాలేకపోయింది, మేరీ వెంట వచ్చింది. పడిపోయిన సంగతి మేరీకి తెలుసు, సంగతి వెనక సంగతి తెలియదు. గదిలోకి వెళ్లగానే జెరూష ముందుగా కుర్చీలు చూసింది. ఎక్కడికెళ్లినా ఆమెకు అదే అలవాటు. చేతులున్న కుర్చీలైతే ఇరుక్కోవాలి, లేచేటప్పుడు కుర్చీ కూడా వెంట లేస్తుంది. ఇక్కడివి చేతుల్లేని వెడల్పాటి కుర్చీలు. హాయిగా కూర్చుంది. అంతమాత్రానికే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

నర్సు బరువు చూసే యంత్రం మీద జెరూషను వెనక్కి తిప్పి నిలబెట్టింది. అంకె జెరూషకు కనబడనివ్వలేదు, పైకి చదవలేదు, నాలుక చప్పరించలేదు. గోడకు వేలాడుతున్న బీపీ పట్టీల్లోంచి పెద్దది తీసి చుట్టింది. అది చేతికి చక్కగా సరిపోయింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. నిలబడినప్పుడు జెరూష కళ్లు బైర్లు కమ్మాయి.

డాక్టర్ రాజ్యలక్ష్మి అరవై దాటిన మనిషి. మాటలో నాన్చుడు లేదు. జెరూష దారంతా వల్లెవేసుకుంటూ వచ్చిన డైలాగ్ వెంటనే అప్పజెప్పింది.

"రేపటి నుంచి వాకింగ్ మొదలుపెడతానండీ. స్వీట్లు అసలు ముట్టను."

"వాకింగ్ సంగతి నేను అడగలేదే" అంది డాక్టరు. "నిన్న ఏం తిన్నారు?"

జెరూష నోరు తెరిచేలోపే మేరీ అందుకుంది. "ఉపవాసంలో ఉందండీ మా అమ్మాయి. చాలా ప్రార్థనాపరురాలు. ప్రభువు కృప వల్ల ఏడాది పైనే అయింది."

డాక్టరు జెరూష వైపు తిరిగి, "అవునా?" అంది. తొందర పెట్టలేదు.

ఇప్పుడు అవునని తలూపితే చాలు. అమ్మ గర్వం అమ్మకు ఉంటుంది, తన తీర్మానం తనకు ఉంటుంది, ఇద్దరూ లేచి ఇంటికెళ్లిపోవచ్చు. తర్వాత ఏ మెట్ల మీదో పడిపోవచ్చు, ఈసారి లేవకపోవచ్చు. ఆ సంగతి జెరూషకు తెలుసు. ఎవరెవరివో మాటలు వందల కొద్దీ ఒక్క గుక్కలో చెప్పే మనిషికి ఈ ఒక్క మాటకు నోరు రాలేదు. చివరికి తల్లి వైపు చూడకుండానే చెప్పింది.

"అది ప్రార్థన కాదమ్మా. మొదటి నలభై రోజులే ప్రార్థన. తర్వాత నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. తినాలంటే భయమేస్తోంది. తింటే మళ్లీ అందరూ నవ్వుతారని భయం."

మేరీ చేతిసంచి ఒళ్లోంచి జారిపోయింది. ఆమె దాన్ని తీసుకోలేదు.

డాక్టరు తల పంకించింది. "మీకు బీపీ ఎక్కువని ఎవరో రాశారు. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే అది ఎక్కువే చూపిస్తుంది. అసలు మీ బీపీ నిలబడగానే పడిపోతోంది. గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. మీరు పస్తులతో జబ్బుపడ్డారు. ఈ జబ్బు ఏ సైజు మనిషికైనా వస్తుంది."

"కానీ నేను ఇలా ఉన్నాను కదండీ."

"ఉంటే? ఎముకల గూడులాంటి పిల్ల వచ్చినా ఇదే వైద్యం చేస్తాను, మీకూ అదే చేస్తాను. బరువు తగ్గమని ఈ గదిలో మీకు ఎవరూ చెప్పరు. మీరు తినాలి. కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి మా కళ్ల ముందు తినాలి, గుండె జాగ్రత్త చూసుకోవాలి కాబట్టి. ఆ తర్వాత ఇంట్లో. భయం గురించి మాట్లాడటానికి వేరే మనిషి ఉన్నారు, ఆమె దగ్గరికీ వెళ్లాలి." ఆ పైన అడిగింది. "ఆకలి వేస్తుందా?"

"వెయ్యదండీ. మా పనికి అదే మంచిది."

"మంచిది కాదు. ముందు వేళకు తినండి, ఆకలి తర్వాత దానంతటదే వస్తుంది. వచ్చిన రోజు నాకు ఫోన్ చేయండి."

జెరూష వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ లోకమంతా తగ్గావు తగ్గావు అంటుంటే తను నిజంగా తగ్గిపోతున్న సంగతి మొదటిసారి ఒక మనిషి చూసింది. చేతుల మీది బరువు ఎవరో అందుకున్నట్టు భుజాలు తేలికపడ్డాయి. జబ్బు చేసిందని చెప్పించుకుని ఇంత సంతోషపడే మనిషి ఉంటుందా అంటే, ఆ గదిలో ఉంది.

ఆటో ఎక్కారు. యూసుఫ్‌గూడ దగ్గర సిగ్నల్ పడ్డాక మేరీ అంది. "నేను సంఘంలో నిలబడి చెప్పుకున్నానే."

"నీ తప్పు కాదమ్మా."

"నా తప్పే. నువ్వు తింటున్నావా లేదా నేను చూడొద్దా? ఆ సాక్ష్యం నేనే వెనక్కి తీసుకుంటాను."

అన్నంత పనీ చేసింది. తర్వాతి కూడికలో లేచి, "నా కూతురికి జబ్బు చేసింది. నేను దాన్ని భక్తి అనుకున్నాను. అది తినేలా ప్రార్థన చేయండి" అని కూర్చుంది. కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. మేరీ వాళ్లను పట్టించుకోలేదు.

వైద్యమంటే రోజూ పూలబాట అనుకునేరు. ఆసుపత్రిలో ఒక ఇడ్లీ ముందు జెరూష గంటలు కూర్చుంది. ఇంటికొచ్చాక పప్పన్నం పళ్లెం రెండుసార్లు తోసేసింది, ఒకసారి తల్లి మీద అరిచింది, తర్వాత అదే పళ్లెం ఏడుస్తూ ఖాళీ చేసింది. కుర్తా గుండీ పట్టని రోజు గదిలోంచి బయటికి రాలేదు. మేరీ ఆ కుర్తాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేసి, టైలర్‌ను ఇంటికే పిలిపించి వదులుగా కొత్తవి కుట్టించింది. తల తిరగడం తగ్గింది. శాలువా బీరువాలోకి వెళ్లింది. ఆకలి మాత్రం రాలేదు. గడియారం చూసి తినడమే.

పని పోతుందని జెరూష లోపల్లోపల హడలిపోతూనే ఉంది. ఆ గొంతు సంపాదనతోనే ఇల్లు నడిచేది. కానీ గ్రాఫిక్స్ ఆలస్యమై సిద్ధార్థ సినిమా విడుదల వాయిదా పడింది. సినిమావాళ్ల ఆలస్యం వల్ల లోకంలో ఒక్క మనిషికి మేలు జరిగిందంటే అది ఇదే. ఆవకాయ అన్నం సీను అలాగే మిగిలిపోయింది. ఒక ఉదయం హనుమంతు ఫోన్ చేశాడు. "మేడం, మీకు మంచిగైతేనే రండి. ఫికర్ చెయ్యకుండ్రి, సార్ ఆగుతడు."

జెరూష వెళ్లింది. మేరీ కూడా క్యారియర్ పట్టుకుని వెంట వెళ్లింది. పదకొండింటికి ఏదో ఒకటి తినాలని డాక్టరు ఆర్డరు మరి. మేరీ అద్దం అవతల సిద్ధార్థ పక్కన సోఫాలో కూర్చుంది. జెరూష మైకు ముందు నిలబడింది. కడుపు చప్పుడు దాచే ఆ దిండు ఇవాళ మూలన కుర్చీలో ఉంది.

సీను మొదలైంది. కూతురు గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఇంకా మాటల్లేవు, ఊపిరి ఒక్కటే. జెరూష ఊపిరి తీసింది. గుర్రుమని చప్పుడు వచ్చింది.

హనుమంతు ఆపాడు. "ఇంకోటి చేద్దాం మేడం."

రెండోసారి ఇంకా గట్టిగా వచ్చింది. అద్దం అవతల సిద్ధార్థ తలెత్తాడు. అది ఏమిటో హనుమంతుకు తెలియక కాదు. చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇన్నేళ్లుగా ఎన్ని కడుపులు విన్నాడు. అయినా పెద్దమనిషి తరహాలో, "ఏసీ అనుకుంట సార్, జర బంద్ చేద్దాం" అన్నాడు.

జెరూష కళ్లు దిండు మీదికి వెళ్లాయి. రెండు అడుగులు వేసి తెచ్చుకుంటే సరి. సీను అయిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె దాని వైపు కదలలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అరచేతి కింద అది మళ్లీ గుర్రుమంది. ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన మనిషి తలుపు కొట్టినట్టు ఉంది ఆమెకు. సిగ్గు వస్తుందేమోనని చూసింది. రాలేదు. సంతోషం వచ్చింది.

"ఏసీ కాదు హనుమంతు" అంది మైకులో. "నా కడుపు. నాకు ఆకలేస్తోంది."

అద్దం అవతల పెద్ద స్పీకర్లలో ఆ మాట గదంతా నిండింది. పరాయి మాటలు చెప్పిన గొంతే, కానీ ఈ మాట ఏ రచయితా రాసివ్వలేదు. సిద్ధార్థ గడియారం చూసి ఏదో అనబోయాడు. "తిననీయుండ్రి సార్" అన్నాడు హనుమంతు. "సీను ఏడికి పోదు."

మేరీ అప్పటికే తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. తివాచీ మీదే చతికిలబడి క్యారియర్ విప్పింది. అందులో ఆవకాయ, ఇంత నెయ్యి, వేడన్నం. జెరూష ఎదురుగా కూర్చుంటే మేరీ కలిపి పెట్టింది. మొదటి ముద్ద తిని, నమిలి, మింగింది. రెండోది తింది.

"డాక్టరుగారికి ఫోన్ చెయ్యాలి" అంది నోటి నిండా అన్నంతో.

"చేద్దువుగాని. ముందు తిను."

జెరూష కళ్లు తుడుచుకుంది. "ఇంకో ముద్ద పెట్టమ్మా" అంది.

మేరీ ఇంకాస్త నెయ్యి వేసి, పెద్ద ముద్ద కలిపింది.